బెణుకు అనుకున్నది బెణుకేనా? చేయి, మణికట్టు ఎముకలపై మీ ప్రశ్నలకు జవాబులు

గడచిన రెండు నెలల్లో ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో చేతి గురించి, మణికట్టు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఈసారి ఏడు ఉత్తరాలను ఎంచుకుని పుటలన్నీ వాటికే కేటాయించాం. వీటిలో మూడు ఉత్తరాలు ఒకే విధమైన ప్రమాదం గురించినవి: పడబోతూ చేయి ఆనించడం. కానీ పడినవారిలో ఒకరు పసివాడు, ఒకరు యువకుడు, ఒకరు వృద్ధురాలు. ఆ వయసులను బట్టి దెబ్బ తగిలిన ఎముక కూడా మారుతుంది కనుక ఆ మూడు ఉత్తరాలను వరుసగా ఇచ్చాం.

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ బైపీసీ చదువుతున్నాను. చేతిలో మణిబంధాస్థులు (మణికట్టు ఎముకలు) 8, కరభాస్థులు (అరచేతి ఎముకలు) 5, అంగుళ్యాస్థులు (వేళ్ళ ఎముకలు) 14, మొత్తం 27 ఎముకలని మా పుస్తకంలో ఉంది. ఆ ఎనిమిదింటి పేర్లు ఎన్నిసార్లు చదివినా గుర్తుండటం లేదు. పైగా ఆయుర్వేదం చదువుకున్న మా తాతగారు శరీరంలో 300 ఎముకలున్నాయని సుశ్రుతుడు చెప్పాడంటున్నారు. పుస్తకంలో 206 అని ఉంది. ఏది సరైనది? (విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: ఆ ఎనిమిది పేర్లను వల్లె వేయవద్దు, మీ చేతిని మీరే తడిమి చూసుకుంటూ నేర్చుకోండి. అలా నేర్చుకున్నవి మరచిపోవడం కష్టం. ఈ ఎముకలకు పేర్లు పెట్టినవారు ఆకారాలను చూసి పెట్టారు: పడవ, నెలవంక, ముక్కోణం, బఠాణీ గింజ, బల్ల, చిన్న బల్ల, తల, కొక్కెం. లాటిన్, గ్రీకు మాటల్లో అవే స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్విట్రల్, పిసిఫార్మ్, ట్రపీజియం, ట్రపిజాయిడ్, కాపిటేట్, హామేట్ అయ్యాయి. మొదటి నాలుగూ ముంజేతిని ఆనుకుని ఉండే వరుస, తరువాతి నాలుగూ అరచేతిని ఆనుకుని ఉండే వరుస. రెండు వరుసలనూ బొటనవేలి వైపు నుంచి చిటికెన వేలి వైపుగా లెక్కపెట్టాలి.

ఇప్పుడు మీ బొటనవేలిని వెనక్కి బాగా చాచండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాలు లేచినట్టు కనిపించి వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. మనం వాడుకలో నరాలంటాం గానీ, నిజానికి అవి కండరాలను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు. పూర్వం నశ్యం పీల్చేవారు పొడిని ఆ గుంటలో వేసుకునేవారు కనుక శరీర నిర్మాణ శాస్త్రంలో దానికి నశ్యపు డబ్బా అనే పేరు స్థిరపడింది. ఆ గుంట అడుగున వేలికి గట్టిగా తగిలేది పడవ ఎముక, అంటే స్కాఫాయిడ్. తరువాత అరచేతిని పైకి తిప్పి, చిటికెన వేలి వైపు మణికట్టు గీత మీద నొక్కి చూడండి. అక్కడ గుండ్రంగా తగిలేది బఠాణీ గింజ. మణికట్టును కొద్దిగా లోపలికి వంచి వదులుగా ఉంచితే ఆ గింజ అటూ ఇటూ కదులుతుంది కూడా. అక్కడి నుంచి చూపుడువేలి మొదలు వైపుగా సుమారు 2 సెంటీమీటర్లు జరిగి లోతుగా నొక్కితే హామేట్ ఎముక కొక్కెం తగులుతుంది. బ్యాటు పిడి చివర చేతిలో ఆనేది సరిగ్గా అక్కడే కాబట్టి బ్యాటు, రాకెట్, గోల్ఫ్ కర్ర పట్టేవారిలో ఆ కొక్కెం విరగడం చూస్తాం. ఇక మధ్యవేలి ఎముక వెంబడి చేతి వెనుకగా మణికట్టు వైపు వస్తే చిన్న పల్లం తగులుతుంది. దాని కింద ఉండేది కాపిటేట్. ఎనిమిదింటిలో అదే పెద్దది, నడిమిది. ఈ నాలుగింటిని గుర్తుపట్టగలిగితే మిగిలినవి వాటి మధ్య ఖాళీల్లో తమంతట తామే అమరిపోతాయి.

తాతగారి లెక్క తప్పు కాదు, లెక్కించిన పద్ధతి వేరు. చరకుడు 360 అని చెప్పినప్పుడు దంతాలనూ గోళ్ళనూ కూడా ఎముకల్లోనే కలిపాడు. సుశ్రుతుడు శల్యతంత్రం (శస్త్రచికిత్స శాస్త్రం) ప్రకారం 300 అన్నప్పుడు, ఈనాడు మనం మృదులాస్థి (ఎముక కంటే మెత్తగా ఉండే పదార్థం) అని వేరుగా చూసే వాటిని తరుణాస్థులనే పేరుతో ఎముకల్లో ఒక రకంగానే లెక్కించాడు. చేతుల దగ్గర ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆయన ఒక్కొక్క వేలికి మూడేసి చొప్పున 15 అని చెప్పగా, మనం బొటనవేలికి రెండే లెక్కించి 14 అంటున్నాం. దీనికి ఆధారం లేకపోలేదు. ఆ సంగతి బొటనవేలి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో చెబుతాను. ఈనాటి లెక్క ప్రకారం రెండు చేతుల్లో కలిపి 54 ఎముకలు, అంటే శరీరంలోని మొత్తం ఎముకల్లో నాలుగో వంతుకు పైగా ఉన్నాయి. బొటనవేలి మొదట్లో స్నాయువుల్లో ఇమిడి ఉండే నువ్వు గింజ వంటి చిన్న ఎముకలను ఈ 27లో కలపరు.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్ళు. మంచం మీద నుంచి దూకి చేతి మీద పడ్డాడు. ఎక్స్-రే తీయిస్తే పెద్ద దెబ్బేమీ లేదు, ఎముక కొద్దిగా నొక్కుకుపోయిందని చిన్న పట్టీ వేశారు. కానీ మా అబ్బాయి ఆ ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూసి, మణికట్టులో మూడు ఎముకలే ఉన్నాయని కంగారుపడుతున్నాడు. మిగిలిన ఐదూ లేనట్టేనా? (ఒక నాయనమ్మ, తెనాలి)

జవాబు: అమ్మా, కంగారుపడవలసింది ఏమీ లేదు. ఆ ఐదూ అక్కడే ఉన్నాయి. అవి ఇంకా మృదులాస్థి దశలో ఉన్నందువల్ల, వాటిలో సున్నం పేరుకోనందువల్ల, ఎక్స్-రే వాటిని చూపలేకపోయింది, అంతే.

అప్పుడే పుట్టిన బిడ్డ చేతిని ఎక్స్-రే తీస్తే మణికట్టు స్థానంలో సాధారణంగా ఒక్క ఎముక కూడా కనిపించదు. వేళ్ళ ఎముకలకూ ముంజేతి ఎముకలకూ మధ్య నల్లని ఖాళీ ఉంటుంది. మొదటి కొన్ని నెలల్లోనే కాపిటేట్, దాని వెంట హామేట్ చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. రెండు మూడేళ్ళ వయసులో ముక్కోణపు ఎముక, నాలుగేళ్ళ ప్రాంతంలో నెలవంక, ఆ తరువాత ఆరేడేళ్ళ లోపు పడవ, రెండు బల్లలు వరుసగా తేలతాయి. బఠాణీ గింజ మాత్రం తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య గాని కనిపించదు. ఆడపిల్లల్లో ఇవన్నీ మగపిల్లల కంటే ముందుగా జరుగుతాయి. నాలుగేళ్ళ మగపిల్లవాడి మణికట్టులో మూడు కనిపించడం సహజమే. బిడ్డ ఎత్తు, బరువు వయసుకు తగినట్టు పెరుగుతున్నంత వరకు ఈ ఒక్క సంగతిని బట్టి ఏ పరీక్షలూ అక్కరలేదు.

ఈ వరుసక్రమం ఇంత నికరంగా ఉండటం వల్లనే, పిల్లల ఎదుగుదలలో తేడా ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు వైద్యులు ఎడమ చేతికి ఎక్స్-రే తీయించి ఎముకల వయసు చూస్తారు. అందుకు ఎక్కువగా వాడే గ్రూలిక్, పైల్ చిత్రసంపుటి 1950లో వెలువడింది. 1959లో దాని రెండో కూర్పు వచ్చింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పెరిగిన, కలిగిన ఇళ్ళ పిల్లల ఎక్స్-రేలు దానికి ఆధారం. కాబట్టి మన పిల్లల చేతిని ఆ బొమ్మతో పోల్చి, ఒక ఏడాది తేడా కనిపించగానే జబ్బు ఉందని నిర్ణయించకూడదు. తేడా బాగా ఎక్కువగా ఉండి ఎత్తు కూడా పెరగకపోతే, అప్పుడు థైరాయిడ్ లోపం, ఎదుగుదల హార్మోను లోపం, దీర్ఘకాలపు పోషకాహార లోపం వంటి కారణాలను వెతకాలి. క్రికెట్‌లో వయోపరిమితి గల పోటీలకు పిల్లలను ఎంపిక చేసేటప్పుడు మన దేశపు బోర్డు చేయించే పరీక్ష కూడా మణికట్టు ఎక్స్-రేయే, అయితే అందులో వాడేది టానర్, వైట్‌హౌస్ పద్ధతి. ఎముకల వయసు, పుట్టినతేదీ ఒకటి కావు. ఒకే రోజు పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య కూడా ఏడాదికి పైగా తేడా ఉండవచ్చు.

ఇక దెబ్బ సంగతి. పిల్లల ఎముక ఎండుకట్టె కాదు, పచ్చికొమ్మ. పడినప్పుడు అది పుటుక్కున విరగకుండా ఒక వైపు నొక్కుకుపోవడమో, వంగి ఒక పక్క మాత్రమే చీలడమో జరుగుతుంది. మీ మనవడికి జరిగింది మొదటిది. అది మూడు నాలుగు వారాల్లో నయమవుతుంది. ఆ ఎక్స్-రేలోనే మణికట్టు దగ్గర ముంజేతి ఎముకల చివరలు గిన్నెలా వెడల్పై, అంచులు నలిగినట్టు ఉంటే మాత్రం అది డి విటమిన్ లోపం వల్ల వచ్చే రికెట్స్. మీ వైద్యుడు ఆ మాట చెప్పలేదు కనుక అది లేదనే భావించవచ్చు.

ప్రశ్న: నా వయసు 24. ఎనిమిది నెలల కింద బైకు జారి కుడిచేయి ఆనించి పడ్డాను. ఆ రోజు తీసిన ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు. బెణుకేనని ఇంట్లో నూనె రాసి తోమారు, నాటు వైద్యుడి దగ్గర రెండు వారాలు కట్టు కట్టించుకున్నాను. వాపు తగ్గింది. కానీ ఇప్పటికీ బరువు ఎత్తినా, నేల మీద చేయి ఆనించి లేచినా బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. పట్టు తగ్గింది. బెణుకు ఇన్ని నెలలు ఉంటుందా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఉండదు. మీ ఉత్తరం చదివిన వెంటనే నాకు తోచింది పడవ ఎముక విరిగి, అతకకుండా ఉండిపోయిందని. చూడకుండా నిర్ధారించలేను. కానీ ఈ పుట చదవడం పూర్తికాగానే మీరు చేయవలసిన పని దగ్గరలోని ఎముకల వైద్యుణ్ణి కలిసి, స్కాఫాయిడ్ కోసం ప్రత్యేకంగా తీసే కోణాల్లో ఎక్స్-రే తీయించుకోవడం. మీ వంటి ఉత్తరాలు ఈ శీర్షికకు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఈ ఎముక గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మణికట్టులోని రెండు వరుసలూ విడివిడిగా కదులుతాయి. ఆ రెంటినీ కలుపుతూ అడ్డుగా ఉండేది స్కాఫాయిడ్ ఒక్కటే. చేయి చాచి నేల మీద పడినప్పుడు మణికట్టు బాగా వెనక్కి వంగి, ఒంటి బరువంతా దాని నడుము మీద పడుతుంది. పిల్లల్లో అది ఇంకా చాలా వరకు మృదులాస్థి కాబట్టి విరగడం అరుదు. వృద్ధుల్లో దాని పక్కనున్న ముంజేతి ఎముక చివర ముందే గుల్లబారి ఉంటుంది కాబట్టి ఆ ఎముకే లొంగిపోతుంది. యువకుల్లో ముంజేతి ఎముక గట్టిగా నిలబడటంతో దెబ్బంతా స్కాఫాయిడ్ భరించవలసి వస్తుంది. మణికట్టు చిన్న ఎముకల్లో విరిగేవాటిలో సగానికి పైగా ఇదే కావడానికి, అందులోనూ యువకుల్లోనే ఎక్కువగా విరగడానికి కారణం ఇదే.

విరగడం కంటే బాధాకరమైన విషయం దాని రక్తప్రసరణ. సాధారణంగా గుండె వైపు ఉన్న కొస నుంచి రక్తం ఎముకలోకి వస్తుందని అనుకుంటాం. స్కాఫాయిడ్‌కు రక్తం తెచ్చే ధమని శాఖలు ప్రధానంగా వేళ్ళ వైపున్న సగంలో, వెనుక భాగం నుంచి ప్రవేశించి, అక్కడి నుంచి ముంజేతి వైపు వెనక్కి ప్రవహిస్తాయి. పొలానికి నీరు దిగువ మడి నుంచి ఎగువ మడికి పారుతున్నట్టు ఊహించుకోండి. మధ్యలో గట్టు తెగితే ఎగువ మడికి చుక్క నీరు అందదు. ఎముక నడుము దగ్గర విరిగినప్పుడు ముంజేతి వైపున్న ముక్క గతి కూడా అదే. విరిగిన చోటు ఆ ముంజేతి వైపు కొసకు ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదం. వేళ్ళ వైపు కొసన విరిగితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుకుతుంది, నడుము దగ్గర అయితే రెండు మూడు నెలలు పడుతుంది, లోపలి కొసన అయితే అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టవచ్చు, అప్పటికీ అతకకపోవచ్చు. ఈ ఎముక చుట్టూ ఎక్కువ భాగం మృదులాస్థితో కప్పబడి ఉండటం వల్ల, ఇతర ఎముకల్లో విరిగినచోట పైపొర నుంచి గడ్డకట్టే కొత్త ఎముక దీనికి దొరకదు.

మరి మొదటి రోజు ఎక్స్-రేలో ఎందుకు కనిపించలేదు? ముక్కలు కదలకుండా ఉన్న సన్నని పగులును ఆ రోజు ఎక్స్-రే చాలాసార్లు పట్టుకోలేదు. అది తీసినవారి నిర్లక్ష్యమని నేను అనను. కానీ ఆ తరువాత చేయవలసిన పని ఒకటుంది. పడినవారికి నశ్యపు గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్-రే బాగున్నా సరే, విరిగిందనే భావించి చేతికి కదలకుండా పట్టీ వేసి, పది నుంచి పద్నాలుగు రోజుల తరువాత మళ్ళీ ఎక్స్-రే తీయాలి. ఈ లోగా పగులు అంచుల్లో ఎముక కొద్దిగా కరిగి గీత కనబడుతుంది. వెంటనే తేల్చుకోవాలంటే ఎం.ఆర్.ఐ. ఉంది. ఈ రెండో చూపు మన దగ్గర తరచుగా తప్పిపోతోంది. వాపు తగ్గగానే మళ్ళీ రమ్మన్న మాట మరచిపోతాం, రోజుకూలీ పోతుందని కొందరు రారు, రమ్మని గట్టిగా చెప్పే తీరిక రద్దీలో వైద్యుడికీ ఉండదు.

నాటు కట్టు గురించి కూడా చెప్పాలి. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ, ఆ సంప్రదాయం పట్ల జనానికి ఉన్న నమ్మకాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఏ కట్టు అయినా, సున్నపు పట్టీ అయినా, చేసే పని విరిగిన ముక్కలను సరైన చోట కదలకుండా ఉంచడమే. అతికించే పని శరీరానిదే. అయితే ఈ ఎముక విరిగిందో లేదో పై నుంచి తడిమి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, విరిగితే రెండు వారాల కట్టు ఎంతమాత్రమూ చాలదు. నూనె రాసి తోమడం మాత్రం ఏ దెబ్బకూ, తగిలిన కొత్తలో, చేయకూడని పని. కట్టు కట్టిన తరువాత వేళ్ళు తిమ్మిరెక్కినా, నల్లబడినా, విపరీతంగా నొప్పి పుట్టినా, అది ఎవరు కట్టిన కట్టయినా, ఆ గంటలోనే విప్పించాలి.

ఎనిమిది నెలల తరువాత ఏం చేయవచ్చు? ఎక్స్-రేతో పాటు సి.టి. గాని, ఎం.ఆర్.ఐ. గాని తీస్తే ముక్కలు ఎంత జరిగాయో, లోపలి ముక్కలో ప్రాణం ఉందో లేదో తెలుస్తుంది. చాలామందికి తుంటి ఎముక నుంచి గాని, ముంజేతి ఎముక నుంచి గాని కొద్దిగా ఎముక తీసి ఆ ఖాళీలో నింపి, తల లేని మర ఒకటి లోపల బిగిస్తారు. ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు తిమోతీ హెర్బర్ట్ పేరు మీద ఆ మర ప్రసిద్ధమైంది. దాని రెండు కొసల మరల దూరంలో తేడా ఉండటం వల్ల బిగిస్తున్నకొద్దీ రెండు ముక్కలూ దగ్గరకు లాగబడతాయి, మొత్తం ఎముకలోనే ఇమిడిపోయి కీలుకు రాసుకోదు. లోపలి ముక్కకు రక్తం లేకపోతే రక్తనాళంతో సహా ఎముకను తెచ్చి పెట్టే పద్ధతి కూడా ఉంది. పొగ తాగే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి, ఎముక అతకడాన్ని అది బాగా దెబ్బ తీస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే కొన్నేళ్ళలో మణికట్టు కీలు అరిగి, ముప్పయ్యో నలభయ్యో ఏట డెబ్బయ్యేళ్ళవారి నొప్పి వస్తుంది. అప్పుడు చేయగలిగినవి కొన్ని ఎముకలు తీసివేయడం, కొన్నింటిని కలిపి బిగించివేయడం వంటివే. మీకు ఇంకా ఆ పరిస్థితి రాలేదనే నా నమ్మకం. వెళ్ళి వచ్చాక ఏమన్నారో దయచేసి రాయండి.

ప్రశ్న: మా అమ్మగారికి 66 ఏళ్ళు. స్నానాల గదిలో జారి చేయి ఆనించారు. మణికట్టు వెనక్కి వంగిపోయి ఆకారమే మారిపోయింది. సరిచేసి పట్టీ వేశారు. వేళ్ళు కదపమంటే భయపడుతున్నారు. కదపవచ్చా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: కదపవచ్చు అనడం చాలదు, కదిపి తీరాలి. అమ్మగారికి విరిగింది ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక చివర. పాఠ్యపుస్తకాల్లో దానినే రత్ని అంటారు. ఇలా విరగడాన్ని డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహం కోలెస్ 1814లోనే వర్ణించాడు, అందుకే దీనికి ఆయన పేరే ఉంది. ఎక్స్-రే కనుగొనడానికి 81 ఏళ్ళ ముందు, కంటితో చూసి, చేత్తో తడిమి మాత్రమే ఆయన ఆ సంగతి గ్రహించడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అప్పటివరకు దీనిని మణికట్టు కీలు తొలగడంగానే ఎక్కువమంది భావించేవారు.

పట్టీ సాధారణంగా ఐదారు వారాలు ఉంటుంది. ఆ కాలమంతా వేళ్ళను పూర్తిగా ముడిచి, పూర్తిగా చాచడం గంటకు కొన్నిసార్లైనా చేయాలి. మోచేతినీ భుజాన్నీ కూడా కదపాలి, లేకపోతే మణికట్టు నయమయ్యేసరికి భుజం బిగుసుకుపోతుంది. చేతిని గుండె కంటే ఎత్తుగా దిండు మీద పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. విరిగిన కొన్ని వారాల తరువాత ఉన్నట్టుండి బొటనవేలి కొస పైకి లేవకుండా వేలాడిపోతే, దాని స్నాయువు ఎముక మీద రాసుకుని తెగిందన్నమాట. ఇది అరుదే గాని, తెలిసి ఉండటం మంచిది.

ఇంకొక మాట, ఇది ఇంటిల్లిపాదికీ: చేతికి దెబ్బ తగిలిన క్షణంలోనే ఆ చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి. వాపు వచ్చాక అవి రావు, వేలికి రక్తం ఆగిపోయే పరిస్థితి వస్తుంది. సెంటిమెంటు కొద్దీ తీయడానికి వెనుకాడేవారిని ఎందరినో చూశాను. సబ్బు నీటితో అప్పటికప్పుడు తీస్తే నగా నిలుస్తుంది, వేలూ నిలుస్తుంది.

నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూడాలి. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఇది వేగంగా జరుగుతుంది. ముందుగా విరిగేది చాలాసార్లు మణికట్టే. తుంటి విరిగే దాకా ఆగకుండా ఇప్పుడే ఎముక సాంద్రత పరీక్ష, డి విటమిన్ పరీక్ష చేయించి మందులు మొదలుపెట్టించండి. స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించండి.

ప్రశ్న: కుట్టుపని చేస్తాను. రాత్రుళ్ళు చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, విదిలిస్తే తగ్గుతుంది. ఎముక అరుగుదలా? (ఒక పాఠకురాలు, ధర్మవరం)

జవాబు: అరుగుదల కాదు. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం వరకే ఉండి చిటికెన వేలికి లేకపోతే, ఇది దాదాపు ఖాయంగా కార్పల్ టన్నెల్ బాధ. మణికట్టు ఎముకలు అరచేతి వైపు దోనెలా వంపు తిరిగి ఉంటాయి. ఆ దోనె మీద ఒక బలమైన పట్టీ మూతలా బిగిసి ఉంటుంది. ఆ ఇరుకులోంచి వేళ్ళను ముడిచే 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం వెళతాయి. లోపల కొద్దిగా వాచినా స్నాయువులు ఓర్చుకుంటాయి, నరం ఓర్చుకోలేదు. నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటాం కనుక బాధ రాత్రే ఎక్కువ. రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ వేసుకోండి, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోండి. గర్భిణులకు వచ్చేది చాలావరకు ప్రసవం తరువాత తగ్గిపోతుంది. బొటనవేలి కింది కండ పలచబడుతున్నా, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వేళ్ళకు స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చేయవద్దు. ఆ మూతను కోసి నరానికి చోటు కల్పించే చిన్న శస్త్రచికిత్స ఉంది, నరం పూర్తిగా పాడయ్యేలోగా చేయించుకుంటేనే అది ఫలిస్తుంది.

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. బట్టలు పిండినా, సీసా మూత తిప్పినా బొటనవేలి మొదలు దగ్గర ప్రాణం పోతున్నంత నొప్పి. మిగిలిన వేళ్ళు బాగానే ఉన్నాయి. దానికే ఎందుకు వస్తుంది? (గృహిణి, తాడేపల్లిగూడెం)

జవాబు: మిగిలిన నాలుగు వేళ్ళూ కలిసి చేసే పనికి దీటైన పని అది ఒక్కటే చేస్తుంది కనుక. ఏకలవ్యుణ్ణి విలుకాడు కాకుండా చేయడానికి ద్రోణుడు చేయంతా అడగలేదు, బొటనవేలు చాలన్నాడు. బొటనవేలు పోతే చేతి సామర్థ్యంలో సుమారు 40 శాతం పోయినట్టేనని చేతి శస్త్రవైద్యులు లెక్కవేస్తారు.

బొటనవేలి కరభాస్థి ట్రపీజియం ఎముక మీద, గుర్రం మీద జీను మీద మరో జీను అడ్డంగా బోర్లించినట్టు కూర్చుంటుంది. అందువల్ల అది ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదలడమే కాక, తిరిగి మిగిలిన వేళ్ళ కొసలకు ఎదురుగా వస్తుంది. అన్నం ముద్ద కలపడం, ముగ్గు వేయడం, కలం పట్టడం, పువ్వులు మాల కట్టడం ఆ ఒక్క కదలిక మీదనే నడుస్తున్నాయి. ఆ స్వేచ్ఛకు బదులుగా ఆ కీలు మోసే బరువు చాలా ఎక్కువ. బొటనవేలి కొసతో 1 కిలో బలంతో నొక్కితే దాని మొదట్లోని కీలు మీద పడేది సుమారు 12 కిలోలు. ఏళ్ళ తరబడి తడిబట్టలు పిండిన చేతిలో, అందులోనూ ముట్లుడిగిన వయసులో కీళ్ళ పట్టీలు సడలినప్పుడు, ముందుగా అరిగేది ఈ కీలే. కొద్ది నెలలు బట్టలు పిండే పని వేరెవరైనా చేయనివ్వండి. మీ ఇంటివారు ఈ జవాబు చదివితే బాగుండునని నా కోరిక. బొటనవేలి మొదలును ఆనుకుని ఉండే చిన్న పట్టీ, లావుపాటి పిడి ఉన్న గరిటెలు, కత్తులు ఎంతో ఉపశమనమిస్తాయి. తగ్గకపోతే కీలులోకి సూదిమందు, అప్పటికీ తగ్గకపోతే ట్రపీజియంను తీసివేసే శస్త్రచికిత్స. ఆ ఎముక లేకపోయినా చేయి బాగానే పనిచేస్తుంది.

కరీంనగర్ విద్యార్థినికి ఇస్తానన్న వివరణ ఇక్కడ చెబుతాను. ఎదిగే పిల్లల్లో మిగిలిన నాలుగు కరభాస్థులకూ పెరుగుదల పలక, అంటే ఎముక పొడవు పెరిగే చోటు, వేలి వైపు కొసన ఉంటుంది. బొటనవేలి కరభాస్థికి మాత్రం అంగుళ్యాస్థులకు ఉన్నట్టే మణికట్టు వైపు ఉంటుంది. కాబట్టి దానిని కరభాస్థి అనకుండా వేలి ఎముకల్లోనే ఒకటిగా లెక్కించి, బొటనవేలికీ మూడు అన్నవారి మాట పూర్తిగా కొట్టిపారేయవలసింది కాదు.

ప్రశ్న: మా పాపకు మెటికలు విరుచుకునే అలవాటు. వేళ్ళు లావైపోతాయని, కీళ్ళు అరుగుతాయని అంటున్నారు. నిజమేనా? (ఒక తల్లి, బళ్ళారి)

జవాబు: ఆ శబ్దం ఎముకలు రాసుకోవడం వల్ల వచ్చేది కాదు. కీలును లాగినప్పుడు లోపల ఒత్తిడి హఠాత్తుగా తగ్గి, అక్కడి జిగురు ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగలాంటి ఖాళీగా ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలిని లాగుతూ ఎం.ఆర్.ఐ. తీసి, టప్పుమన్న క్షణంలోనే ఆ ఖాళీ పుట్టడాన్ని చూపారు. ఒకసారి విరిచిన మెటిక మళ్ళీ విరగడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టేది అందుకే. అమెరికా వైద్యుడు డోనాల్డ్ అంగర్ దశాబ్దాల పాటు ఎడమ చేతి మెటికలు మాత్రమే విరుచుకుంటూ, కుడిచేతిని పోలికకు వదిలేసి, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని 1998లో ప్రకటించాడు. ఒక్క మనిషి అనుభవాన్ని రుజువుగా తీసుకోలేం గాని, ఎక్కువమందిని పరిశీలించినవారు కూడా మెటికలకూ కీళ్ళవాతానికీ సంబంధం కనుగొనలేదు. దిష్టి తీసి మెటికలు విరిచే నాయనమ్మల చేతులకూ దానివల్ల వచ్చే చేటు లేదు. అయితే వేలిని పక్కకు మెలితిప్పి విరవడం, ఇతరుల వేళ్ళు బలవంతంగా లాగడం మాన్పించండి, అలా చేస్తే కీలు పక్క పట్టీలు చిరగవచ్చు. శబ్దంతో పాటు నొప్పి గాని వాపు గాని ఉంటే, లేదా ఉదయం లేవగానే వేళ్ళు అరగంటకు మించి బిగుసుకుని ఉంటే, అప్పుడు పాపను వైద్యుడికి చూపించండి.